భుజం ఎముకతో పార

మంచం కింద ఒక పార ఉండేది. ఇంట్లోని చిన్నపిల్లలకు దాని మీదే కన్ను. ఎవరూ చూడకుండా బయటికి లాగి చూడాలని కాచుకుని ఉండేవారు. చెయ్యి అటు వెళ్లిందంటే చాలు, ముసలామె గట్టిగా అదిలించేది. ముట్టుకోవద్దు, విరగ్గొట్టేస్తారు, అవతలికి పొమ్మనేది. ఇనుప పారకైతే ఆ భయం ఉండదు. ఊళ్లో అప్పటికే ఆడవాళ్ల చేతుల్లోకి ఇనుప పారలు వచ్చేశాయి. ముసలామె మాత్రం తన పాత పారను వదల్లేదు. అది అడవిదున్న భుజం ఎముకతో చేసిన పార.

ఆ ముసలామె పేరు తాబేలు. హిదాత్సా తెగ మనిషి. ఆ ఊరు ఇవాళ్టి అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో, మిస్సోరి నది గట్టున ఉండేది. 1840లు, 50ల నాటి మాట. చెయ్యి చాచి తిట్లు తిన్న పిల్లల్లో ఒకరు ఆమె మనవరాలు. తెగ భాషలో ఆ మనవరాలి పేరు మాక్సిదివియాక్. ఇంగ్లిషులో బఫెలో బర్డ్ ఉమన్ అన్నారు. దున్నల మందల వెంట తిరుగుతూ పురుగులు ఏరుకు తినే పిట్ట పేరు అది. 1837లో మశూచి వచ్చి ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టిన తర్వాత, సుమారు 1839లో ఆమె పుట్టింది. డెబ్బై ఏళ్లు దాటాక, తమ తెగ సేద్యం ఎలా సాగిందో మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. కొడుకు ఎడ్వర్డ్ గుడ్‌బర్డ్ దాన్ని ఇంగ్లిషులోకి మార్చి చెబుతుంటే, గిల్బర్ట్ విల్సన్ అనే మానవశాస్త్రవేత్త రాసుకున్నాడు. 1917లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం దాన్ని పుస్తకంగా అచ్చువేసింది. ఎముక పనిముట్లతో చేసిన వ్యవసాయం గురించి, ఆ పొలంలో పెరిగిన మనిషి నోటి నుంచే ఇంత వివరంగా వినే అవకాశం చాలా అరుదు.

మంచం కింది ఆ పారను మనం బయటికి తీసి చూద్దాం.

పశువు ఒంట్లో దాగిన పలక

పశువు ముందుకాలి పైన, పక్కటెముకలను ఆనుకుని, వెడల్పాటి పలక లాంటి ఎముక ఒకటి ఉంటుంది. డాక్టర్లు స్కాపులా అంటారు. మనకూ వీపు మీద రెండు వైపులా ఉంటుంది, చేతులు వెనక్కి విరిస్తే రెక్కల్లా పైకి తేలుతుంది. మేకలు, ఆవులు, గేదెలు, అడవిదున్నలకు మనలా కాలర్‌బోన్ ఉండదు. అంటే ముందుకాళ్లను మొండెంతో కలిపే ఎముకల కీలు ఏదీ లేదు. ముందుభాగం బరువంతా కండరాల మీదే వేలాడుతుంది. ఆ కండరాలకు పట్టు దొరకాలంటే విశాలమైన చోటు కావాలి. ఆ చోటే ఈ పలక. అమెరికా అడవిదున్నకు తల పెద్దది, మూపురం పెద్దది, బరువంతా ముందు వైపే. అందుకు తగ్గట్టే దాని భుజం ఎముక కూడా అడుగున్నర దాకా పొడవు సాగుతుంది.

ఆకారం ముక్కోణం. ఒక కొస సన్నగా, మందంగా ఉండి, కాలి ఎముక అమరే గిన్నెలాంటి గుంటతో ముగుస్తుంది. రెండో కొస వెడల్పుగా, పలచగా విచ్చుకుంటుంది. వెలుపలి ముఖం మీద నిలువునా ఒక గట్టు నడుస్తుంది. పార చేసేవాళ్లు ఈ గట్టును చెక్కేసి, ముఖాన్ని చదును చేసేవారు. వెడల్పాటి అంచును రాతి మీద అరగదీసి పదును పెట్టేవారు. సన్నని కొసను చెక్కి కర్రకు ఆనించి, పచ్చి నరాలతోనో తోలు పట్టీలతోనో బిగించి కట్టేవారు. పచ్చి నరం ఆరే కొద్దీ బిగుసుకుంటుంది. మేకు అక్కర్లేదు, చీల అక్కర్లేదు.

అంటే పనిలో సగం జంతువే చేసి పెట్టింది. పారకు కావలసిన వెడల్పు, పలచదనం, పిడి వైపు మందం, అన్నీ ఆ ఎముకలో ముందే ఉన్నాయి. రాతిని ఆ ఆకారానికి తేవాలంటే రోజులు పడుతుంది, మధ్యలో ఒక్క దెబ్బ తప్పితే మొత్తం పగిలిపోతుంది. మనిషి ఇక్కడ చేసిందల్లా ఉన్న ఆకారాన్ని గుర్తుపట్టి, అక్కర్లేని గట్టును తీసెయ్యడం.

ఎముక ఎందుకు విరగదు, ఎప్పుడు విరుగుతుంది

ఇంట్లో ఎవరైనా చేసి చూడగల ప్రయోగం ఒకటుంది. కోడి కాలి ఎముకను శుభ్రంగా కడిగి, వెనిగర్‌లో నాలుగైదు రోజులు నాననివ్వండి. మధ్యలో ఒకటి రెండుసార్లు వెనిగర్ మార్చండి. బయటికి తీస్తే ఎముక ఆకారం చెక్కుచెదరదు గానీ, రబ్బరులా వంగుతుంది. ఇంకో ఎముకను నిప్పుల్లో బాగా కాల్చండి. దీని ఆకారమూ చెదరదు. వేలితో నొక్కితే మాత్రం పొడిపొడి అవుతుంది.

మొదటిదాంట్లో ఆమ్లం ఖనిజాన్ని కరిగించేసింది, మాంసకృత్తి మిగిలింది. రెండోదాంట్లో నిప్పు మాంసకృత్తిని కాల్చేసింది, ఖనిజం మిగిలింది. ఎముక ఈ రెండిటి అల్లిక. ఎండిన ఎముక బరువులో దాదాపు మూడింట రెండు వంతులు కాల్షియం, ఫాస్ఫరస్‌లతో ఏర్పడిన అపటైట్ జాతి ఖనిజం. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే మాంసకృత్తి పోగులు. సిమెంటు శ్లాబులో ఇనుప చువ్వలు ఏ పని చేస్తాయో, ఎముకలో ఈ పోగులు ఆ పని చేస్తాయి. ఎక్కడైనా చిన్న పగులు మొదలైతే, అది పోగులకు అడ్డం తగిలి దారి మళ్లుతుంది, శక్తి కోల్పోతుంది. చెకుముకి రాయిలో అలాంటి అడ్డు లేదు. దానికి ఎముక కంటే పదును ఎక్కువే గానీ, పగులు మొదలైతే ఆ చివర దాకా పోతుంది.

బరువు సంగతీ చూడాలి. ఎముక సాంద్రత నీటికి సుమారు రెండింతలు. ఇనుముది దాదాపు ఎనిమిదింతలు. ఒకే పరిమాణం ఉన్న పలకలను తూస్తే, ఎముక పలక ఇనుప పలకలో నాలుగో వంతు తూగుతుంది. రోజంతా వంగి కలుపు తీసే చేతికి ఆ తేడా సాయంత్రానికి బాగా తెలిసొస్తుంది.

మరి ముసలామె భయం దేనికి? ఎముక ఎండే కొద్దీ తేమ పోతుంది, పోగులకు సాగే గుణం తగ్గుతుంది. పాతబడిన ఎముకకు అడ్డంగా దెబ్బ తగిలితే చిట్లుతుంది. పైగా పార అంచు చాలా పలచన. పిల్లలు దాన్ని ఈడ్చుకుపోయి ఏ రాయికో కొడితే ఆ ఏటి సేద్యానికి పార లేనట్టే. పనిముట్టు స్వభావం తెలిసిన మనిషి ఆమె.

నేలను ఎంచింది ఎవరు

హిదాత్సాలలో పొలం ఆడవాళ్లది. విత్తు, కలుపు, కోత, నిల్వ అంతా వాళ్ల చేతుల మీదే నడిచేది. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, పొద్దుతిరుగుడు వాళ్ల పంటలు. నది మీద మంచు విరిగి నేల కాస్త మెత్తబడగానే ముందుగా పొద్దుతిరుగుడు విత్తేవారు. మే నెలలో అడవి గూస్‌బెర్రీ పొదలు ఆకు తొడిగితే, అది మొక్కజొన్నకు అదను. మన రైతులు కార్తెలు చూసినట్టు వాళ్లు పొదలను చూసేవారు. పొలమంతా దున్నే పద్ధతి లేదు. సుమారు నాలుగడుగుల ఎడంలో చిన్న చిన్న మట్టి కుదుళ్లు చేసి, ఒక్కో కుదుట్లో ఆరో ఎనిమిదో గింజలు పెట్టేవారు. మరుసటి ఏడు కూడా అదే కుదురును మళ్లీ గుల్ల చేసి అక్కడే విత్తేవారు. పైరు ఎదిగాక పారతో కలుపు తీస్తూ, మొదళ్లకు మట్టి ఎగదోసేవారు.

పారతో పాటు ఇంకో రెండు ఉండేవి. కొనను నిప్పుల్లో కాల్చి గట్టి చేసిన తవ్వుడు కర్ర ఒకటి. దుప్పి కొమ్ముతో చేసిన దంతె ఇంకొకటి. కొమ్ము కొమ్మలుగా చీలి ఉంటుంది కాబట్టి దాన్ని కర్రకు కడితే పళ్లు ఉన్న దంతె తయారు. ఇక్కడా జంతువు ఆకారమే పనిముట్టు ఆకారం.

కోత అయ్యాక నిల్వ పాతరలు. మన పల్లెల్లో వెనక ధాన్యం పాతర్లు తవ్వినట్టే, వాళ్లూ నేలలో కూజా ఆకారంలో గోతులు తవ్వేవారు. పైన మూతి ఇరుకు, లోపల కడుపు వెడల్పు. కొన్ని ఎంత లోతంటే దిగడానికి నిచ్చెన కావాలి. ఇరుకు మూతిలోంచి దిగి, లోపలి గోడలను పక్కలకు చెక్కుకుంటూ పోవాలి. పొడుగు పిడి అక్కడ పనికిరాదు. పొట్టి పిడి ఉన్న ఎముక పార సరిగ్గా సరిపోయేది.

ఇంత సేద్యమూ నది వెంబడి లంక నేలల్లోనే సాగింది. కాస్త పైకెక్కితే కనుచూపు మేర పచ్చిక మైదానం, ఎవరూ అడ్డుచెప్పని నేల. అయినా అక్కడ విత్తలేదు. కారణం గడ్డి వేళ్లు. ఆ మైదానపు గడ్డి వేళ్లు వందల ఏళ్లుగా ఒకదాన్నొకటి పెనవేసుకుని నేల మీద చాప పరిచినట్టు బిగిసి ఉంటాయి. ఎముక అంచు ఆ చాపను కోయలేదు. ఇల్లినాయి రాష్ట్రంలో జాన్ డీర్ అనే కమ్మరి 1837లో నునుపైన ఉక్కు నాగలి చేసిన తర్వాతే అలాంటి పచ్చిక నేలలు పెద్ద ఎత్తున సాగులోకి రావడం మొదలైంది. నది పక్కన మాత్రం సంగతి వేరు. ఏటా వరద తెచ్చిపోసే ఒండ్రు మెత్తగా ఉంటుంది, గడ్డి చాప పట్టదు. చెట్లూ పొదలూ నరికి కాలిస్తే ఆ బూడిద కూడా నేలకు బలమే.

కాబట్టి ఎక్కడ పొలం వేయాలో మనిషి ఒక్కడే నిర్ణయించలేదు. అడవిదున్న భుజానికి ఎంత చేవ ఉందో అంత మేరకే పొలం. పరిమితి తెలిసిన ఆ సేద్యమే హిదాత్సాలకూ, పక్కనున్న మందాన్, అరికరా తెగలకూ మిగులు పండించింది. ఆ మొక్కజొన్న కోసం వేటాడి బతికే తెగలు దూరాల నుంచి వచ్చి మాంసం, తోళ్లు ఇచ్చి కొనుక్కుపోయేవి.

కర్రు మెరిసినట్టు

దున్నుడు కాలంలో నాగలి కర్రు అద్దంలా మెరుస్తుంది, మూలన పడితే తుప్పు పడుతుంది. మట్టి చేసే ఆ మెరుగు ఎముకకూ పడుతుంది. నేలలోకి దిగి లేచిన ప్రతిసారీ ఇసుక రేణువు ఎముక మీద ఒక గీత గీస్తుంది. అపటైట్ ఖనిజం గట్టిదనం కొలబద్ద మీద 5. ఇసుకలోని క్వార్ట్జ్ 7. పెద్ద అంకె ఉన్నది చిన్న అంకె ఉన్నదాన్ని గీస్తుంది. అందుకే గరుకు ఇసుక, రాళ్లు ఉన్న నేలలో ఎముక పార తొందరగా అరిగిపోతుంది, సన్నటి ఒండ్రులో నాలుగు కాలాలు మన్నుతుంది.

ఈ గీతలను అక్షరాల్లా చదవడం నేర్పినవాడు సోవియట్ పురావస్తు శాస్త్రవేత్త సెర్గేయ్ సెమ్యోనోవ్. లెనిన్‌గ్రాడ్‌లో ఏళ్ల తరబడి రాతి, ఎముక పనిముట్లను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, 1957లో తన పుస్తకం వెలువరించాడు. గీతలు పిడి నుంచి అంచు వైపు నిలువుగా ఉంటే అది తవ్విన పనిముట్టు. అడ్డంగా ఉంటే గీకినదో కోసినదో. మెరుగు అంచు దాకే ఉందా, లోపలికి పాకిందా అన్నదాన్ని బట్టి ఎంత లోతు దిగిందో చెప్పొచ్చు. మెరుగు లేని చోట పిడి కట్టు ఉండేదని తెలుస్తుంది. కర్ర కుళ్లిపోయి, తోలు మట్టిలో కలిసిపోయి, ఎముక ముక్క ఒక్కటే దొరికినా, దాన్ని పట్టుకున్న చెయ్యి ఎలా కదిలిందో ఆ గీతలు చెబుతాయి.

మిస్సోరి పరీవాహకంలోని పాత ఊళ్ల తవ్వకాల్లో ఇలాంటి భుజం ఎముక పారలు విరివిగా దొరికాయి. దక్షిణ డకోటాలోని మిచెల్ దగ్గర సుమారు వెయ్యేళ్ల నాటి రైతుల ఊరు ఒకటి ఉంది. అక్కడా ఇవే పారలు. తాబేలు అమ్మమ్మ మంచం కింద దాచుకున్నది వెయ్యేళ్లుగా చేతులు మారుతూ వచ్చిన నమూనా అన్నమాట.

వరి మడిలో ఎముక

ఎముక పార మీద హిదాత్సాలకు పేటెంటు ఏమీ లేదు. పసిఫిక్ మహాసముద్రానికి ఆవలి ఒడ్డున, వాళ్లకు అయిదారు వేల ఏళ్ల ముందే, వరి పండించేవాళ్లు ఇదే ఉపాయం కనిపెట్టారు.

చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో హెముదు అనే ఊరు ఉంది. 1973లో అక్కడ నీటి పంపింగ్ స్టేషన్ కోసం నేల తవ్వుతుంటే పాతకాలపు వస్తువులు బయటపడ్డాయి. ఆ తర్వాత రెండు విడతల తవ్వకాలు జరిగాయి. నీళ్లు నిలిచిన నేల కావడంతో గాలి చొరక, ఏడు వేల ఏళ్ల నాటి కలప, తాళ్లు, వరి పొట్టు కూడా కుళ్లకుండా నిలిచాయి. స్తంభాల మీద లేపి కట్టిన చెక్క ఇళ్లు, మేకులు లేకుండా ఒకదాంట్లో ఒకటి దూర్చిన దూలాలు, అడుగు మందాన పేరుకున్న వరి పొట్టు, గడ్డి, వాటి మధ్య గేదె జాతి జంతువుల భుజం ఎముకలతో చేసిన తవ్వుడు పారలు సుమారు 170.

ఒక పారను దగ్గరగా చూస్తే చేసినవాడి ఆలోచన కనిపిస్తుంది. సన్నని కొస దగ్గర అడ్డంగా ఒక తొర్ర. పలక మధ్యలో పిడికర్ర కుదురుగా కూర్చోవడానికి నిలువు గాడి. ఆ గాడికి అటొకటి ఇటొకటి రెండు రంధ్రాలు. తొర్రలోంచి, రంధ్రాల్లోంచి తీగ పోనిచ్చి కర్రను రెండు చోట్ల కట్టేస్తే, తొక్కి దించినా పిడి ఊగదు.

ఈ ఎముకల వెనక ఇంకో కథ ఉంది. హెముదు గేదె పొలంలో పనిచేసిన గేదె కాదు. దాన్ని వేటాడి తిన్నారు. చైనాలో దొరికిన ఆ పాత గేదెల ఎముకల మీద జరిగిన డీఎన్ఏ పరీక్షల్లో, అది ఇవాళ్టి పెంపుడు గేదెలకు పూర్వీకురాలు కాదనీ, ఆ జాతే అంతరించిపోయిందనీ తేలింది. కాడి మెడకెక్కక ముందే దాని భుజం పొలంలోకి దిగింది. దున్న, దున్నడం అనే మాటలు పక్కపక్కనే పలికే మన భాషలో ఈ సంగతి వింటే తమాషాగా తోస్తుంది.

ఆ పారలన్నీ మడి తవ్వినవేనా అన్నదాని మీద పరిశోధకుల్లో చర్చ ఉంది. కొందరు అలాంటి పారలు కొత్తగా చేసి, నేల తవ్వి, పడ్డ గీతలను పాతవాటితో పోల్చి చూశారు. స్తంభాల గుంతలు తీయడం, మట్టి ఎత్తడం లాంటి పనులకూ వీటిని వాడి ఉంటారని వారు తేల్చారు. ఒకే పారతో పొద్దున మడి గట్టు, సాయంత్రం ఇంటి పునాది తవ్వడం మన పల్లెల్లోనూ కొత్త కాదు.

కొడవలి పిడి, కోసిన గుర్తు

ఎముక తవ్వడానికే కాదు, కోతకూ సాయపడింది. మధ్యధరా సముద్రపు తూర్పు తీరాన, కార్మెల్ కొండ గుహల్లో, పన్నెండు వేల ఏళ్లకు పైబడిన ఎముక కొడవళ్లు దొరికాయి. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త డొరొతీ గారొడ్ 1928 నుంచి ఈ ప్రాంతంలో తవ్వి, ఆ మనుషుల సంస్కృతికి నతూఫియన్ అని పేరు పెట్టింది. వాళ్లు ఇంకా రైతులు కారు. అడవి గోధుమ, అడవి బార్లీ కోసుకుని తినేవారు. పొడుగాటి ఎముకకు ఒక పక్కన గాడి తీసి, అందులో చిన్న చిన్న చెకుముకి బిళ్లలను వరసగా బిగించేవారు. పదును రాతిది, పట్టు ఎముకది. బిళ్ల విరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు. కెబారా గుహలో దొరికిన ఒక పిడి చివర జంతువు తల చెక్కి ఉంది. పనిముట్టు మీద మనసు పడ్డ చెయ్యి అది.

గడ్డి కాడల్లో సన్నటి సిలికా ఉంటుంది. వరి ఆకు చేతికి గీసుకుని మండటం కోతకు వెళ్లిన వాళ్లందరికీ తెలుసు. ఆ సిలికాయే చెకుముకి అంచు మీద పూత పూసినట్టు మెరుపును మిగిల్చింది. ఆ మెరుపును చూసే అవి కోత కోసినవని చెప్పగలిగారు.

మన నేల మీద

తెలుగు నేల మీద ఎముక పనిముట్ల కథ కర్నూలు గుహల్లో మొదలవుతుంది. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఆధ్వర్యంలో, ఆయన కుమారుడు హెన్రీ ఫూట్ 1884, 85లలో తవ్వాడు. జంతువుల ఎముకలతో పాటు, చెక్కి వాడిన ఎముకలు కూడా దొరికాయని వారు రాశారు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి అదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిలో తవ్వి, ఎముక పనిముట్లను మళ్లీ వెలికితీశారు. అక్కడ రాతివాటి కంటే ఎముకవే ఎక్కువ. అవి వేటగాళ్లవి, సేద్యానికి చాలా ముందువి.

మరి మన తొలి రైతులు ఎముక పార ఎందుకు పట్టలేదు? జవాబు కొండల్లో ఉంది. దక్కను నిండా డోలరైట్ రాయి దొరుకుతుంది. అరగదీస్తే నున్నటి గొడ్డలి అవుతుంది, దెబ్బకు ఆగుతుంది. మహబూబ్‌నగర్ వైపు ఉట్నూరులో పశువుల పేడ కాలి ఏర్పడిన బూడిద దిబ్బను 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ తవ్వినప్పుడు పశువుల గిట్టల ముద్రలు కూడా కనిపించాయి. మందలకు కొదవ లేదు, ఎముకలకూ లేదు. చేతికి అందే రాయి అంతకంటే గట్టిది కాబట్టి బరువు పని రాతికి వెళ్లింది, సూదులు, ములుకులు లాంటి సన్నపని ఎముకకు మిగిలింది. గంగా మైదానంలో లెక్క తారుమారు. బీహార్‌లోని చిరాంద్ ఒండ్రు నేల, చుట్టుపక్కల రాయి లేదు. అక్కడి నవీన శిలాయుగపు ఊళ్లో ఎముక, దుప్పి కొమ్ము పనిముట్లు రాశులుగా బయటపడ్డాయి. అమెరికాలోనూ ఇదే జరిగింది. మిసిసిపి లోయలో, ఇల్లినాయి ప్రాంతపు మిల్ క్రీక్ గనుల్లో మంచి చెర్ట్ రాయి దొరికేది, అక్కడి మొక్కజొన్న రైతులు రాతి పారలు పట్టారు. పంట ఒకటే, దొరికే సరుకు వేరు.

ఎముకలు ఎరువైపోయాయి

ఇనుప పార వచ్చాక ఎముక పారకు కాలం చెల్లింది. వర్తకులు తోళ్లకు బదులు ఇనుప పారలు ఇచ్చేవారు. అరిగితే సాన పెట్టుకోవచ్చు, రాయి తగిలినా చిట్లదు. మనవరాలు పెరిగేనాటికి పాత పార పట్టేవాళ్లు ఊళ్లో వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది ముసలివాళ్లే.

తర్వాత అడవిదున్నే పోయింది. కోట్లలో ఉండేదని అంచనా వేసిన జంతువు తోళ్ల కోసం, ఆట కోసం సాగిన వేటకు బలైంది. 1889 నాటికి ఉత్తర అమెరికా మొత్తం మీద 1,091 మిగిలాయని జంతుశాస్త్రవేత్త విలియం హార్నడే లెక్క తేల్చాడు. మైదానాల్లో ఎముకలు తెల్లగా పరుచుకున్నాయి. పేద రైతులు, ఆదివాసులు వాటిని బళ్లకెత్తి రైలు స్టేషన్లకు తోలారు. పంచదార శుద్ధి చేసే బొగ్గుగా, జిగురుగా, ఎరువుగా అవి ఫ్యాక్టరీలకు పోయాయి. మిషిగన్ కార్బన్ వర్క్స్ ఆవరణలో కొండలా పేర్చిన దున్న పుర్రెల మీద మనిషి నిలబడ్డ ఫోటో 1892 ప్రాంతంలో తీసినది. మన నర్సరీల్లో సంచుల్లో అమ్మే ఎముకల పొడిలో పనిచేసేదీ అదే ఫాస్ఫరస్. భుజం ఎముకను గట్టిగా నిలబెట్టిన ఖనిజమే మొక్క వేరుకు ఆహారం. ఒకప్పుడు పొలాన్ని తవ్విన ఎముక, పొడిగా మారి వేరే ఎవరి పొలంలోకో వెళ్లింది.

ఇక మిగిలింది నేల. 1947లో మిస్సోరి మీద గ్యారిసన్ ఆనకట్ట కట్టడం మొదలుపెట్టి, 1953లో నీళ్లు నిలిపారు. హిదాత్సా, మందాన్, అరికరా తెగలకు ప్రభుత్వం కేటాయించిన నేలలో, అంటే వాళ్ల రిజర్వేషన్‌లో, ఒకటిన్నర లక్షల ఎకరాలకు పైగా మునిగింది. ఆ లంక నేలలన్నీ అందులోనే పోయాయి. ముంపుకు ముందు, 1946 నుంచి, పురావస్తు శాఖల వాళ్లు హడావుడిగా పాత ఊళ్లు తవ్వి దొరికినంత దాచారు. దొరికినవాటిలో భుజం ఎముక పారలు చాలా ఉన్నాయి. నాగార్జునసాగర్ నీళ్లు నిలవక ముందు 1954 నుంచి 60 దాకా నాగార్జునకొండ లోయలో జరిగినదీ ఇదే పని. అక్కడ బౌద్ధ విహారాలతో పాటు నవీన శిలాయుగపు రైతుల ఆనవాళ్లు కూడా వెలికి వచ్చాయి.

మొదటి బహుమతి

1911లో రిజర్వేషన్ అధికారి ఒక వ్యవసాయ ప్రదర్శన పెట్టి, మంచి మొక్కజొన్నకు బహుమతులు ప్రకటించాడు. బఫెలో బర్డ్ ఉమన్ కూడా కంకులు పంపింది. అప్పటికి ఆమెకు డెబ్బై దాటాయి. ఆ నేలను కొత్తగా నాగలితో దున్నారు. ఆ ఒక్కటీ తప్ప మిగతా సేద్యమంతా అమ్మమ్మ కాలంలో చేసినట్టే, పార పట్టుకుని, కుదుళ్లు కట్టి, మట్టి ఎగదోసి చేసింది. ఆమె మొక్కజొన్నకే మొదటి బహుమతి వచ్చింది. తెల్లవాళ్లు నేర్పే కొత్త పద్ధతి కంటే తమ పాత పద్ధతే మేలని ఆమె విల్సన్‌తో నిస్సంకోచంగా చెప్పింది, రుజువుగా ఈ బహుమతినే చూపింది.

ఆ పారను ఎలా కట్టారో, ఏ నెలలో పట్టారో, ఎవరు దాచుకున్నారో మనకు తెలుస్తోందంటే, ఒక ముసలామె ఓపికగా చెప్పింది, ఒక మనిషి ఓపికగా రాసుకున్నాడు కాబట్టే. హెముదులో 170 పారలు దొరికినా, వాటిని పట్టిన ఒక్కరి మాటా దొరకలేదు. అందుకే వాటి మీద ఇంకా చర్చ నడుస్తోంది.

మన ఊళ్లలో ట్రాక్టరు వచ్చాక గొర్రు, గుంటక, జడ్డిగం అటకెక్కాయి, కొన్ని పొయ్యిలోకీ వెళ్లాయి. వాటిని చేసిన వడ్రంగులు, పట్టిన రైతులు, వెనక విత్తనం వదిలిన ఆడవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. ఈసారి ఊరెళ్లినప్పుడు ఒక నోటుపుస్తకం వెంట తీసుకెళ్లండి. ఏ భాగాన్ని ఏమనేవారో, ఏ చెట్టు కర్రతో చేసేవారో, ఏ నేలకు ఏది పనికొచ్చేదో అడిగి రాసుకోండి. వీలైతే వాళ్ల చేతిలో ఆ పనిముట్టు పెట్టి, పట్టుకునే తీరు ఫోటో తీయండి.